కాలువగట్టున ఎనిమిది రోజులు

1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ దినపత్రిక తన సంపాదకీయంలో ఒక సూచన చేసింది. పొటోమాక్ నదీలోయలో పాడుపడిన పాతకాలువ వెంబడి మోటారు రహదారి నిర్మిస్తే ఆ సుందర ప్రదేశం అందరికీ అందుబాటులోకి వస్తుందన్నది దాని సారాంశం. ఆ వాదంలో న్యాయం లేకపోలేదు. కాని అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్‌కు అది మింగుడుపడలేదు. సంపాదకుడు తనతోపాటు ఆ గట్టున 185 మైళ్లు నడిచివస్తే అభిప్రాయం మార్చుకొనక తప్పదని ఆయన ఆ పత్రికకే లేఖ వ్రాశాడు. పత్రిక సవాలును స్వీకరించింది.

ఆ కాలువది మొదటినుంచీ దురదృష్ట జాతకం. నదిలోని బండరాళ్లూ, జలపాతాలూ పడవలకు అడ్డురావడంతో, నది ప్రక్కనే కాలువ త్రవ్వడానికి 1828 జూలై 4న పని ఆరంభించారు. విచిత్రమేమంటే, దానికి ప్రత్యర్థియైన బాల్టిమోర్ రైలుమార్గానికి శంకుస్థాపన జరిగిందీ ఆనాడే! రైలు 1842లోనే కంబర్లాండ్ పట్టణం చేరింది. కాలువ అక్కడికి చేరేసరికి 1850 వచ్చింది. పాపా అనే చోట కొండను తొలిచి 3,118 అడుగుల సొరంగం నిర్మించడానికే పదునాలుగేళ్లు పట్టింది. మార్గం పొడుగునా 74 లాకులు. మన గోదావరి కాలువలలో మనుషులు గట్టున నడుస్తూ త్రాళ్లతో పడవలు లాగినట్లే, అక్కడ బొగ్గుపడవలను కంచరగాడిదలు లాగేవి. వాటికోసం వేసినదే ఆ కాలిబాట. 1924 వరదతో రవాణా ఆగిపోయింది.

మార్చి 20న డగ్లస్ బృందం కంబర్లాండ్ నుండి బయలుదేరింది. ఆయనకప్పుడు యాభైఐదేళ్లు. హిమాలయాలలో కాలినడకన పర్యటించి గ్రంథం వ్రాసినవాడు గనుక రోజుకు ఇరవైమూడు మైళ్లు ఆయనకొక లెక్కకాదు. తక్కినవారి కాళ్లు మాత్రం బొబ్బలెక్కాయి. ఎనిమిదవనాడు ప్రయాణం ముగిసేసరికి దారి పొడుగునా నడిచినవారు తొమ్మిదిమందే మిగిలారు. సంపాదకులిద్దరూ వారిలో లేరు. అయినా రహదారి విషయంలో ఆ పత్రిక తన వైఖరిని సవరించుకొన్నది.

సంపాదకీయం మారినంతమాత్రాన కాలువ దక్కలేదు. డగ్లస్, ఆయన మిత్రులు ఏళ్లతరబడి పట్టువిడువక పాటుపడ్డారు. 1971లో అది జాతీయ చారిత్రకోద్యానమైంది. 1977లో దానిని డగ్లస్‌కు అంకితం చేశారు. నేడు ఆ గట్టుపై మోటారు రొద లేదు. పాదచారులు, సైకిలు యాత్రికులు సాగిపోతుంటారు. లాకుల రాళ్లపై పడవత్రాళ్ల ఒరిపిడికి పడిన గాడులు ఇంకా కనిపిస్తాయి.