సెలైన్ ఎక్కించారు సరే, ఆ క్రిమి ఎక్కడిది?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

గురుకులంలోనో హాస్టల్‌లోనో కలుషితాహారం తిని పిల్లలు ఆసుపత్రి పాలైన ప్రతిసారీ ఒకటే తంతు. సెలైన్లు ఎక్కిస్తారు, వంటవాళ్లను మారుస్తారు, వార్డెన్‌ను సస్పెండ్ చేస్తారు. మిగిలిన కూర ఉంటే నాచారంలోని ఆహార పరీక్షల ల్యాబుకు వెళుతుంది. పిల్లలు ఇళ్లకు చేరాక ఇక ఆ ఊసే ఉండదు. నేనడిగేది ఒక్కటే: పిల్లల కడుపులో ఉన్న క్రిమీ కూరలో ఉన్న క్రిమీ ఒకటేనా కాదా అన్నది ఎవరు తేలుస్తున్నారు?

పేరు కలిస్తే చాలదండీ. ఒక్క సాల్మొనెల్లాలోనే 2,500కు పైగా రకాలున్నాయి. 2011లో జర్మనీలో ఈ.కొలి విజృంభించినప్పుడు అధికారులు స్పెయిన్ కీరదోసకాయల మీద పడ్డారు. కాయల మీద ఈ.కొలి దొరికిన మాట నిజమే. కానీ రోగుల్లో ఉన్న ఓ104 రకం కాదది. అసలు దోషి మెంతి మొలకలని తేలేలోపు స్పెయిన్ రైతుల పంట చెత్తకుప్పల పాలైంది.

దక్షిణాఫ్రికా కథ వేరు. 2017లో అక్కడ లిస్టీరియా చెలరేగింది. ఈ జబ్బు తిన్న 70 రోజులకు కూడా బయటపడవచ్చు. రెండు నెలల కిందట ఏం తిన్నావంటే ఎవరికి గుర్తుంటుంది? అందుకే అక్కడి అంటువ్యాధుల సంస్థ మనుషులనే కాదు, క్రిములనూ విచారించింది. రోగుల నుంచి తీసిన క్రిముల జన్యుక్రమం చదివితే, పదింట తొమ్మిది ఎస్‌టీ6 అనే ఒకే రకం. అంటే మూలం ఎక్కడో ఒక్కచోటే ఉంది. 2018 జనవరిలో సోవెటోలోని ఒక శిశుసంరక్షణ కేంద్రంలో చిన్నారులకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అక్కడి ఫ్రిజ్‌లో పొలోనీ ఉంది. సాసేజ్‌లా చుట్టి అమ్మే చవక మాంసం అది. దాని ఆచూకీ పట్టుకుని పొలోక్వానే ఫ్యాక్టరీకి వెళ్తే, అక్కడా అదే ఎస్‌టీ6. మార్చి 4న వాళ్ల ఆరోగ్య మంత్రే ఆ సంగతి ప్రకటించారు. మొత్తం మీద వెయ్యికి పైగా కేసులు, 200కు పైగా మరణాలు.

2024 అక్టోబరులో మన రాష్ట్రం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. తప్పుపట్టను, పచ్చిగుడ్డుతో ప్రమాదం ఉన్నదే. కానీ తప్పు దాన్ని అమ్మే బండివాడి గిన్నెలో ఉందో, గుడ్లు పంపిన ఫారంలో ఉందో నిషేధం చెప్పదు. దొరికేది ఎప్పుడూ బండివాడే.

ఇది మనకు రాని విద్య కాదు. కోవిడ్ రోజుల్లో హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వైరస్ వేరియంట్లను చదువుతూనే ఉంది. సాల్మొనెల్లా జన్యుక్రమం 48 లక్షల అక్షరాలు, ఇప్పటి యంత్రాలకు అదో లెక్క కాదు. నాకు తోచినంతలో అసలు ఇబ్బంది నమూనా దగ్గరే. యాంటీబయాటిక్ పడకముందే మలం నమూనా తీయాలి. కల్చర్‌లో పెరిగిన క్రిమిని పారేయకుండా ఫ్రీజర్‌లో దాచాలి. కూర నుంచి వచ్చిన క్రిమితో దాన్ని పోల్చే పని ఒకరికి అప్పజెప్పాలి.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 35వ సెక్షన్ చూడండి. డాక్టర్లు ఫుడ్ పాయిజనింగ్ కేసులను తప్పక తెలపాలని నోటిఫై చేసే అధికారం దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి ఉంది. మన జిల్లాలకు దాన్ని వర్తింపజేయమని మీరు రాయండి. ఈలోగా హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలోనూ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనూ నమూనాలు దాచడం మొదలుపెట్టించండి. ఫ్రీజర్లో కాస్త చోటు, రిజిస్టర్లో ఒక గడి, అంతకుమించి ఇప్పటికిప్పుడు అడగడం లేదు.

ఇట్లు,
హాస్టల్‌లో చదువుకుంటున్న ఒక అమ్మాయి తండ్రి