టీవీ వెనక మూత విప్పకండి

టీవీ బొమ్మ మిణుకుమిణుకుమంటోందా? ముందు ఇంట్లో లైట్ల వంక చూడండి. టీవీతో పాటు ట్యూబ్‌లైటు కూడా కొట్టుకుంటుంటే, ఫ్యాను ఒకసారి జోరుగా, ఒకసారి నీరసంగా తిరుగుతుంటే జబ్బు టీవీది కాదు, లైనుది. మీ ఇంట్లో బల్బులు మసకబారి పక్కింట్లో మరీ వెలిగిపోతుంటే న్యూట్రల్ తీగ తెగిందనో వదులైందనో అనుమానించాలి. అలాంటప్పుడు 230 వోల్టులు రావలసిన ఇంటికి 400కు దగ్గరగా కూడా రావచ్చు. వెంటనే మెయిన్ ఆపేసి ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లకు ఫోను చేయండి. కరెంటు స్తంభం జోలికి మాత్రం పోవద్దు.

తమిళనాడులో శివకాశి, విరుదునగర్, కోవిల్‌పట్టి వైపు ఉన్న మన తెలుగువాళ్లకు టీవీ మూత విప్పవద్దన్న మాట ముఖ్యంగా చెప్పాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, పిడుగులు. దీపావళి సరుకు లారీలెక్కాక బాణసంచా ఫ్యాక్టరీలు కొన్నాళ్లు మూతపడతాయి. మనిషి ఇంట్లో ఖాళీగా ఉంటాడు, చేతిలో ఫోను, ఫోనులో టీవీ రిపేరు వీడియో, డబ్బాలో స్క్రూడ్రైవర్. మెకానిక్కుకు ఇచ్చే నాలుగు డబ్బులు మిగులుతాయన్న ఆశ సరేసరి. ఆ ఆశను తప్పుపట్టలేం. కానీ మూత వెనక ఏముందో ఆ వీడియో సగమే చెబుతుంది.

పాత పెట్టె టీవీ సంగతి ముందు చూద్దాం. 2006లో కరుణానిధి ప్రభుత్వం పంచడం మొదలుపెట్టిన 14 అంగుళాల ఉచిత కలర్ టీవీలు ఇంకా కొన్ని ఇళ్లలో మూలన ఉండే ఉంటాయి. బొమ్మ వణికితే నెత్తిన ఒక్కటి చరచడం, అది కుదురుకోవడం చాలామందికి అలవాటే. చరిస్తే బాగుపడిందంటే లోపల బోర్డు మీద ఏదో అతుకు వదులైందన్నమాట. మెకానిక్కులు డ్రై సోల్డర్ అంటారు. ఆ వదులు అతుకు వేడెక్కుతుంది, ఒక్కోసారి చిటపటలాడుతూ నిప్పురవ్వలూ లేస్తాయి. చరిచి చరిచి చూసే టీవీ రాత్రంతా ప్లగ్గులో ఉండకూడదు. ఇక పిక్చర్ ట్యూబుకు అందే వోల్టేజి 20 వేలకు అటూ ఇటూ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ఆ గాజు ట్యూబు చార్జిని పట్టి ఉంచుకుంటుంది. తగిలితే షాకు ఒక ఎత్తు, ఆ అదురుకు చేయి వెనక్కి విసిరి ట్యూబు మెడ విరగడం ఇంకో ఎత్తు. లోపల గాలి లేని గాజు అది, పగిలితే ముక్కలు ముఖం మీదికి వస్తాయి.

పలచటి ఎల్ఈడీ టీవీ నెమ్మదైనదనుకోవడం కూడా పొరపాటే. దాని పవర్ బోర్డు మీద బొటనవేలంత లావున్న కెపాసిటర్ ఉంటుంది. అందులో 300 వోల్టులకు పైగా డీసీ చార్జి నిల్వ ఉంటుంది. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రపోయినట్టే, బోర్డులో కరెంటు పారుతూనే ఉంటుంది. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకున్నాం, భయం లేదంటారు కొందరు. అది ఒంట్లోంచి భూమిలోకి పోయే కరెంటును పసిగడుతుంది. ప్లగ్గు పీకిన టీవీలో నిల్వ ఉన్న చార్జి రెండు వేళ్ల మధ్య పారితే దానికి తెలియనే తెలియదు.

స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఆ చార్జిని వదిలించే తీరు వీడియోల్లో విరివిగా కనిపిస్తుంది. టప్‌మని మెరుపు. ఎక్కడైనా అది చెడ్డ పనే, శివకాశిలో మరీనూ. చట్టం ఒప్పుకోకపోయినా ఇక్కడ కొన్ని ఇళ్లలో వత్తులు చుట్టడం, మందు దట్టించడం సాగుతున్న సంగతి అందరికీ తెలుసు. పని బట్టలకు అల్యూమినియం పొడి అంటుకుని ఇంటికొస్తుంది. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టి బాణసంచా ఫ్యాక్టరీలో నలభై మంది దాకా ప్రాణాలు తీసిన పేలుడును చూసిన ఊళ్లకు నిప్పురవ్వ ఖరీదు ఒకరు చెప్పాలా? ఆ పొడీ ఆ టీవీ ఒకే గదిలో ఉంటే మెకానిక్కును కూడా ఆ గదిలో మూత విప్పనివ్వకండి.

మరి ఇంట్లో మనం చేసుకోగలిగింది ఏమీ లేదా అంటే, చాలానే ఉంది, మూత విప్పకుండానే. రిమోట్‌లో టీవీ మెనూ తెరవండి. మెనూ అక్షరాలు నిలకడగా ఉండి వెనక బొమ్మ మాత్రమే అదురుతుంటే టీవీ మంచిదే, తప్పు సెట్‌టాప్ బాక్సుదో కేబులుదో. ప్లగ్గులన్నీ తీసి, హెచ్‌డీఎంఐ తీగ మార్చి చూడండి. మెనూ కూడా అదురుతుంటే స్టెబిలైజర్ టక్‌టక్‌మంటోందేమో వినండి, చవకరకం స్టెబిలైజరే ఒక్కోసారి అసలు దొంగ. వెలుతురును బట్టి తెర వెలుగు తగ్గించే ఎకో మోడ్ ఆపి చూడండి. మాట వినిపిస్తూ తెర నల్లబడితే గది చీకటి చేసి టార్చిలైటు తెరకు దగ్గరగా వేయండి. బొమ్మ మసగ్గా కదులుతుంటే బ్యాక్‌లైటు పట్టీ పోయినట్టు, అది మెకానిక్కు మార్చగలడు. తెర సగం గీతలుగా చీలితే ప్యానెల్ అయి ఉండవచ్చు. దాని ధర అడిగాకే రిపేరుకు ఒప్పుకోండి, చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గర పడుతుంది.

కేబులు తీగ మూతి పట్టుకుంటే చేయి జివ్వుమంటే పని అక్కడితో ఆపండి. మిద్దెల మీదుగా ఇంటింటికీ లాగిన ఆ తీగ ఎక్కడో కరెంటు తీగను తాకుతూ ఉండవచ్చు. స్విచ్చి ఆపి, తీగను మళ్లీ ముట్టకుండా కేబులు వాళ్లను పిలవండి. ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతో పాటు కేబులునూ పీకేయాలి, ప్లగ్గొక్కటే తీసి ఊరుకుంటే సగం జాగ్రత్తే.

ఇంకొక్క మాట. ఈ ప్రాంతపు నాయుళ్లు, రెడ్డియార్లు, రాజులు, అరుంధతీయుల ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ, చదివేవాళ్లు తక్కువ. చదవగలిగినవాళ్లు ఇది మిగతావాళ్లకు వినిపించండి. ముఖ్యంగా పాత టీవీని తూకానికి అమ్మేసేటప్పుడు. మెడకు చుట్టిన రాగి తీగ కోసం పిక్చర్ ట్యూబును వీధిలో రాయి పెట్టి కొడతారు, చుట్టూ పిల్లలు మూగుతారు. ఆ గాజులో సీసం ఉంది. టీవీని ముక్కలు చేయకుండా అలాగే, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించండి.