గోడకెక్కాల్సింది పోరని పేరు కాదు, చట్టం

ఎవరి బాయికాడనో కరెంటు మోటరు పోతది. తెల్లారేసరికి జీపు ఏ గడప ముందు ఆగుతదో మనకు తెలువనిదా? ఎరుకలోళ్ల గుడిసెలు, చెంచుపెంట, మాదిగవాడ. పెద్దోడు దొరకకపోతే బడికి పోయే పోరన్ని ఎక్కించుకపోతరు. తల్లి ఠాణా ముందట చెట్టుకింద కూసుంటది. ఏ మండలమైనా ఇదే కథ.

ఇది ఇయ్యాల్టి అలవాటు కాదు. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చి పుట్టుకనే నేరం చేసిండ్రు. 1897 సవరణతో 4 ఏండ్ల నుంచి 18 ఏండ్ల దాకా మగపిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బంధించే అధికారం సర్కారుకొచ్చింది. ఎరుకలోళ్ల కోసం 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. 1952లో చట్టం రద్దయింది. జీపు దారి మారలేదు.

అహ్మదాబాదు ఛారానగర్ యువకులు ఈ దారికి అడ్డం నిలబడ్డరు. ఛారాలదీ ఆ చట్టం ముద్ర పడ్డ జాతే. 1998లో బెంగాలు పురూలియా జిల్లాలో బుధన్ శబర్ కస్టడీలో చచ్చిపోతే, వాళ్లు అతని చావును వీధినాటకం కట్టిండ్రు. రాష్ట్రం వేరు, భాష వేరు, దెబ్బ ఒక్కటే. అదే బుధన్ థియేటర్ అయింది.

మనకాడ డప్పున్నది, జాజున్నది, సున్నమున్నది. మరి మన గోడల మీద ఏమున్నది? ఎలక్షన్ గుర్తులు, ఎరువుల కంపెనీ బొమ్మలు! 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 18 నిండని వాన్ని లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టరాదు. తల్లిదండ్రులకు కబురు చెయ్యాలె. 24 గంటల్లో బాలల న్యాయమండలి ముందుకు తేవాలె. ఈ మూడు మాటలు వాడ మొగదల గోడ మీద పెద్ద అక్షరాలతో రాస్తే, జీపు లైటు వెలుగులోనే కనబడతయి.

ఒక జాగ్రత్త. ఆవేశంలో పోరని పేరు, ఫోటో, బడి గోడకెక్కించొద్దు, నాటకంలోనూ చెప్పొద్దు. 74వ సెక్షను కింద అది నేరం. 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జుర్మానా. సెక్షను సంగతి అటుంచితే, రేపు ఆ పోరడు ఇంటర్‌ల చేరాలె గదా.

ఇంకొకటి మా పంతుళ్ల తప్పు. బళ్లె చేర్పించేనాడు తల్లి "వానలు బాగ పడ్డ యేడు పుట్టిండు" అంటది. మేము జూన్ ఒకటో తారీఖు అని రాసి పడేస్తం, ఏడాది అటిటైనా పట్టించుకోం. 94వ సెక్షను ప్రకారం వయసు తేల్చడానికి ముందుగాల చూసేది బడి సర్టిఫికెటు, లేదా పదో తరగతి మెమో. అవి లేకుంటేనే పంచాయతి జనన పత్రం, అదీ లేకుంటేనే ఎముకల పరీక్ష. 16 నిండినోని మీద ఘోర నేరం మోపితే పెద్దోళ్ల లెక్కన విచారించే సందు ఈ చట్టంలోనే పెట్టిండ్రు. (2012 ఢిల్లీ ఘటన తర్వాతి కోపంలో వచ్చిన ఆ సందును మేము ఒప్పుకోం, అది వేరే ముచ్చట.) 15 ఏండ్ల మాదిగ పోరడు మా రాతతో 16 ఏండ్లోడైతే ఆ సందులో పడుడే.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు కట్టే నాటకంలో ఒక సీను పంతులు మీద కూడా పెట్టండి. రిజిష్టరు ముందటేసుకొని తల్లిని వయసు అడిగే సీను. మాటలు మేము రాసిస్తం. పంతులు వేషం కూడా మేమే కడతం.