కంకిమీదనే మొలచు ధాన్యము



సార్వా కోతల కాలమును తుపానుల కాలమును ఒక్కటియే యగుట మన గోదావరి డెల్టాలో అందరెరిగిన సంగతియే. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దరిని తీరము దాటినప్పుడు మన జిల్లాలలో ఒరిగిన చేలును, నీట నానిన పనలును మొలకెత్తినవి. మొలచిన గింజలోని పిండిపదార్థము చక్కెరగా మారును. అట్టి ధాన్యము మరలో నూకయగును. ప్రభుత్వ కొనుగోలు నియమములందు చెడిన, రంగు మారిన, మొలచిన, పురుగుపట్టిన గింజలన్నియు కలిసి నూటికి 5 మించరాదు. ఆ నియమము ముందు ఋతువంతటి శ్రమ వృథాయగుచున్నది.

ఇది దైవఘటనయని యూరకుండరాదు. ఒకే వానకు తడిసిన రెండు వంగడములలో ఒకటి మొలచును, మరియొకటి కొన్నాళ్లు మొలవక నిలుచును. దీనికి ముఖ్యకారణము గింజయొక్క నిద్రావస్థ. ఇది తల్లిదండ్రులనుండి సంక్రమించు గుణము. జపాను శాస్త్రజ్ఞులు మన దేశపు కాసలత్ వరిని తమ నిప్పన్‌బరే వరితో సంకరపరచి, ఆ సంతతిని పరిశీలించి, నిద్రావస్థను నడపు జన్యువులలో నొకదానిని ఏడవ క్రోమోజోముపై గుర్తించి, ఎస్.డి.ఆర్.4 అను పేర 2010లో ప్రకటించిరి. నిద్రను బలపరచు రూపము కాసలత్‌నుండియే లభించినది. గోధుమయందును ఇట్టి జన్యువులు కనుగొనబడినవి. జన్యువుయొక్క చోటు తెలిసినచో, తుపానుకై వేచియుండక, నారుమొక్క ఆకును పరీక్షించియే తగిన మొక్కల నేరుకొనవచ్చును.

"నిద్ర యెక్కువైనచో సార్వా విత్తనము దాళ్వా నారుమడిలో మొలవదు గదా" యని కొందరందురు. నిజమే. కాని దానికి మందు కలదు: లీటరు నీటికి 6.3 మొదలు 10 మి.లీ. వరకు గాఢ నైట్రిక్ ఆమ్లమును జాగ్రత్తతో కలిపి, విత్తనమును 24 గంటలు నానబెట్టి కడిగినచో నిద్ర తొలగును. కంకిపై మొలచిన గింజకు మాత్రము మందు లేదు.

1925లో స్థాపితమై, 1982లో స్వర్ణ వంగడమునిచ్చిన మార్టేరు పరిశోధనాస్థానము మనకు చేరువనే యున్నది. మనము విత్తనము కొనునపుడు "ఎకరమునకెన్ని బస్తాలు?" అని యడుగుదుము, "గింజ యెన్ని దినములు నిద్రించును?" అని యడుగుట అరుదు. ప్రతి సంఘమును తన విత్తనపు గిడ్డంగి పలకమీద ఆ దినముల సంఖ్యను వ్రాయించవలెను. నిద్రావస్థగల అధిక దిగుబడి వంగడములే కావలెనని తీర్మానించి మార్టేరునకు పంపవలెను.

అంతవరకు మురుగుకాలువలు పూడిక తీయుటయు, తడిసిన పనలపై లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లుటయు మానరాదు. అయినను ఇవి ఆపద వచ్చిన పిమ్మట చేయు పనులు. విత్తుటకు ముందే చేయవలసిన పని సరియైన విత్తనము నెన్నుకొనుట.