ఓటమి లెక్క రాసుకున్న సేనాని

సాయంత్రం ఆరు దాటాక బోడుప్పల్ కమాన్ దగ్గర ఏ టీ కొట్టు ముందు నిలబడినా రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి 'ఆఫ్ క్యాంపస్'. రెండోది 'గ్యాప్'. పొద్దున ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, క్లాసు వినేసి, మళ్లీ అదే మెట్రోలో వెనక్కొచ్చిన కుర్రాళ్లే అంతా. మొన్న వాళ్లలో ఓ తమ్ముడు గొంతు తగ్గించి అడిగాడు: "అన్నా, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామంటున్నారు. పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ వాళ్లే ఇస్తారంట. పెట్టించుకోనా?"

వద్దని చెప్పడం తేలికే. ఎందుకు వద్దో అతనికి ఎక్కేలా చెప్పడానికి ఆ క్షణాన నాకు మాట దొరకలేదు. ఇంటికొచ్చాక ఓ మనిషి గుర్తొచ్చాడు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి కాదు, మన దేశం మనిషీ కాదు. బ్రిటిష్ సేనాని విలియం స్లిమ్. రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకు చర్చిల్, మాంట్‌గోమరీ పేర్లు తడతాయి. స్లిమ్ పేరు చాలామందికి తెలియదు. కానీ మీరు ఉద్యోగాల వేటలో ఉంటే, చదవాల్సింది ఆయన కథే.

క్యాంపస్ లేని కుర్రాడు

స్లిమ్ 1891లో బ్రిస్టల్‌లో పుట్టాడు. పెరిగింది బర్మింగ్‌హామ్‌లో. తండ్రిది ఇనుప సామాన్ల వ్యాపారం, అదీ అంతంత మాత్రం. ఇంట్లో ఒక్కరిని పైచదువుకు పంపే స్తోమతే ఉండటంతో అన్న మెడిసిన్‌కు వెళ్లాడు. తమ్ముడు కొన్నాళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పాడు, ఆ తర్వాత ఇనుప గొట్టాలు తయారుచేసే కంపెనీలో గుమాస్తాగా చేరాడు. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఆయన విద్యార్థి కాదు. అయినా 1912లో అక్కడి ఆఫీసర్ల శిక్షణ దళంలో చోటు సంపాదించాడు. 1914లో యుద్ధం మొదలవగానే తాత్కాలిక ఆఫీసరయ్యాడు. మన భాషలో పక్కా ఆఫ్ క్యాంపస్ కేసు.

గల్లిపోలిలో గాయపడ్డాడు. మెసపొటేమియాలో మళ్లీ గాయపడ్డాడు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ ఇండియన్ ఆర్మీకి మారి గూర్ఖా పటాలంలో చేరాడు. జీతం చాలక 'ఆంథోనీ మిల్స్' అనే మారుపేరుతో పత్రికలకు కథలు రాసి అమ్ముకున్నాడు. 1940లో సూడాన్ సరిహద్దులోని గల్లాబాత్ దగ్గర ఒక బ్రిగేడ్‌ను నడిపించి దెబ్బతిన్నాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. ఆ వయసుకీ రెజ్యూమెలో పెద్ద విజయమంటూ ఒక్కటీ లేదు.

రంగం నుంచి నడిచొచ్చిన దారి

1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. బర్మాలో మిగిలిన సేనల బాధ్యతను అదే నెలలో స్లిమ్‌కు అప్పగించారు. అంటే ప్రాజెక్టు మునిగిపోతుండగా టీమ్ లీడర్‌గా వెళ్లాడన్నమాట. గెలవడానికి దారే లేదు. సుమారు 900 మైళ్లు, అంటే 1,400 కిలోమీటర్లకు పైగా వెనక్కి నడుస్తూ, మే నెలలో సైన్యాన్ని భారత సరిహద్దు దాటించాడు.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. రంగూన్‌ను మన కోస్తా జిల్లాల పెద్దలు 'రంగం' అనేవారు. అక్కడి ఓడరేవులో మూటలు మోసినవాళ్లలో, రిక్షాలు లాగినవాళ్లలో, మిల్లుల్లో పనిచేసినవాళ్లలో వేలాది తెలుగువాళ్లు. కోరంగి రేవు నుంచి ఓడెక్కారు కాబట్టి వాళ్లను అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు. 1942లో బర్మా నుంచి లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటుకుంటూ కాలినడకన బయల్దేరారు. ఆకలితో, మలేరియాతో, కలరాతో దారిలోనే వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. స్లిమ్ ఓటమి మనకు ఎక్కడో జరిగిన వార్త కాదు. మన గుమ్మం దాకా వచ్చిన ఓటమి.

తప్పు ఎక్కడ?

వెనక్కొచ్చాక ఆ సైన్యంలో చాలామందిది ఒకటే మాట. జపాన్ సైనికుడు అడవి మనిషి, వాణ్ని మనం గెలవలేం. ఇంటర్వ్యూ నుంచి బయటికొస్తూ 'వాళ్లంతా ఎన్‌ఐటీ బ్యాచ్ రా, మనవల్ల కాదు' అనుకోవడం లాంటిదే ఇది. స్లిమ్ ఆ మాటతో సర్దుకోలేదు. రాంచీ ప్రాంతంలో సైన్యానికి కొత్తగా శిక్షణ ఇస్తూ, ఎందుకు ఓడామో ఒక్కో కారణాన్నీ విడదీసి చూశాడు.

మొదటి కారణం రోడ్డు. బ్రిటిష్ సేనలు లారీలను నమ్ముకుని రోడ్డుకు అతుక్కుపోయేవి. జపాన్‌వాళ్లు అడవిలోంచి చుట్టుతిరిగి వచ్చి వెనకాల రోడ్డు మూసేస్తే చాలు, ఇక్కడ గాభరా మొదలయ్యేది. దీనికి స్లిమ్ కొత్త నియమం పెట్టాడు. చుట్టుముట్టినా ఉన్నచోటు వదలొద్దు, తిండీ తూటాలూ విమానాల్లోంచి జారవిడుస్తాం. పారాచూట్‌లకు పట్టు దొరకలేదు. కలకత్తా జనపనార మిల్లులను అడిగి గోనె గుడ్డతో చేయించారు. 1944 ఫిబ్రవరిలో అరకాన్‌లో జపాన్ సేన ఓ స్థావరాన్ని చుట్టుముట్టినప్పుడు గుమాస్తాలు, డ్రైవర్లు కూడా తుపాకీ పట్టి నిలబడ్డారు. అక్కడ పాత తంత్రం పారలేదు.

రెండో కారణం జ్వరం. 1943లో యుద్ధంలో గాయపడి ఆసుపత్రికి వెళ్లిన ఒక్కొక్కరికి, జబ్బు పడి వెళ్లినవాళ్లు 120 మంది. అందులో పెద్ద భాగం మలేరియా. మలేరియాకూ దోమకూ ఉన్న ముడిని రొనాల్డ్ రాస్ విప్పింది ఎక్కడో కాదు, మన బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. అంటే శత్రువెవరో అప్పటికి 46 ఏళ్లుగా తెలుసు. మెపాక్రిన్ మాత్ర కూడా ఉంది. లేనిదల్లా రోజూ దాన్ని మింగించే క్రమశిక్షణ. స్లిమ్ ఉన్నట్టుండి రక్తపరీక్షలు చేయించాడు. 95 శాతం కంటే తక్కువమంది మాత్ర వేసుకున్నట్టు తేలిన చోట ఆ దళాధిపతిని తప్పించాడు. ముగ్గురిని తప్పించేసరికి మిగతా అందరికీ అర్థమైంది.

మూడోది భయం. దాన్ని మాటలతో పోగొట్టలేమని ఆయనకు తెలుసు. ముందు చిన్న గస్తీ దళాలను పంపాడు, తర్వాత తప్పకుండా గెలిచేంత బలంతో చిన్న దాడులు చేయించాడు. చిన్న గెలుపులు పేరుకుంటే నమ్మకం దానంతటదే వస్తుంది.

1943 అక్టోబర్‌లో స్లిమ్ పద్నాలుగో సైన్యానికి అధిపతి అయ్యాడు. ఆ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. 1944 మార్చి నుంచి జులై దాకా ఇంఫాల్, కొహిమాల దగ్గర సాగిన పోరులో జపాన్ దండు చితికిపోయింది. వచ్చినవాళ్లు దాదాపు 85 వేలు. వాళ్లలో సగానికి పైగా చనిపోవడమో, గాయాలతోనో జబ్బుతోనో పడిపోవడమో జరిగింది. 1945 మార్చిలో మాండలే, మే మొదట్లో రంగూన్ తిరిగి చేతికొచ్చాయి. ఆ నెలలోనే పైఅధికారి ఒకరు స్లిమ్‌ను పక్కకు తప్పించాలని చూశాడు. చివరికి పదవి పోయింది ఆ పైఅధికారికే. 1948లో స్లిమ్ బ్రిటిష్ సైన్యం మొత్తానికీ అధిపతి అయ్యాడు. ఇండియన్ ఆర్మీ నుంచి ఆ కుర్చీ దాకా వెళ్లిన మొదటివాడు ఆయనే.

గెలిచాక కూడా దాచలేదు

నాకు బాగా నచ్చింది ఈ గెలుపు కాదు. 1956లో ఆయన ఓటమి నుంచి విజయం దాకా తాను నడిచిన దారి మీద 'డిఫీట్ ఇన్‌టు విక్టరీ' అనే పుస్తకం రాశాడు. అప్పటికి ఫీల్డ్ మార్షల్. ఏం రాసుకున్నా అడిగేవాడు లేడు. అయినా తన తప్పుల్ని తన పేరు మీదే రాసుకున్నాడు. కొహిమా మీదికి జపాన్ చిన్న దళాన్నే పంపుతుందని అనుకుంటే ఏకంగా ఒక డివిజన్ వచ్చింది, ఆ అంచనా తప్పింది తానే అని ఒప్పుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ కూలిపోయాక 'పోస్ట్‌మార్టమ్' రాస్తాం కదా, అలాంటిదే అది. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఇకముందు ఏం చేయాలి.

అలాగని ఆయన్ను పటం కట్టి దండ వేయమనడం లేదు. ఆయన కాపాడింది మనల్ని ఏలిన సామ్రాజ్యాన్ని. 1943లో అదే సామ్రాజ్యం నీడలో బెంగాల్ కరవుకు లక్షలాది మంది బలయ్యారు. ఇంఫాల్‌లో ఆయనకు ఎదురు నిలిచినవాళ్లలో ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా ఉంది. అందులో మన హైదరాబాదీ ఆబిద్ హసన్ ఉన్నాడు. ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి నేతాజీ వెంట నడిచినవాడు, ఆయనతో పాటు జలాంతర్గామిలో ప్రయాణించినవాడు, 'జై హింద్' నినాదం ఇచ్చినవాడిగా పేరున్నవాడు. 1944లో తిరుగు దారి పట్టిన అలసిన కాళ్లలో ఆయన కాళ్లూ ఉన్నాయి. ఆ తర్వాత స్వతంత్ర భారత దౌత్యవేత్త అయ్యాడు. ఓడిన పక్షంలో ఉన్నంత మాత్రాన జీవితం ఓడిపోదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

స్లిమ్ 1953లో ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్‌గా వెళ్లాడు. ఆయన 1970లో చనిపోయారు. చాలా ఏళ్ల తర్వాత, అక్కడి ఓ పిల్లల ఆశ్రమంలో పెరిగినవాళ్లు తమను ఆయన లైంగికంగా వేధించాడని ఆరోపించారు. కాన్‌బెర్రాలో ఆయన పేరున్న రోడ్డుకు పేరు మార్చారు. లండన్‌లో విగ్రహం మాత్రం అలాగే ఉంది. ఆయన పద్ధతి తీసుకుందాం, ఆయన్ను దేవుణ్ని చేయొద్దు.

మీ ఫైలు మీరు తెరవండి

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు వద్దాం. దొంగ ఎక్స్‌పీరియన్స్ ఎందుకు వద్దు? దొరికిపోతారనేది ఒక కారణం. కంపెనీలు ఇప్పుడు యూఏఎన్ నంబర్‌తో పీఎఫ్ చరిత్ర అడుగుతున్నాయి. మూడేళ్లు పనిచేశానని చెప్పి అక్కడ ఒక్క నెల కూడా కనిపించకపోతే ఆఫర్ పోతుంది, చేరి ఉంటే ఉద్యోగమే పోతుంది. అసలు కారణం అది కాదు. ఓటమిని కప్పేస్తే దాని కారణం ఎప్పటికీ తెలియదు. జ్వరంతో పడిపోయినవాణ్ని యుద్ధంలో గాయపడ్డాడని రాసుకుంటే మందు ఎక్కడ వేస్తాం?

నాకూ డిగ్రీ తర్వాత ఏడాదికి పైగా గ్యాప్ ఉంది. ఇంగ్లిష్ రాకే పోతున్నానని నమ్మి స్పోకెన్ ఇంగ్లిష్‌కి డబ్బులు కట్టాను. ఓ రోజు విసుగొచ్చి, పోయిన అన్ని చోట్లా ఏ రౌండ్‌లో పోయానో వరసగా రాశాను. ఎక్కువసార్లు ఆన్‌లైన్ టెస్టులోనే పోయాను. ఇంగ్లిష్ మాట్లాడే దాకా వెళ్లిందే లేదు! రోడ్డు ఒకటి, నేను కాపలా కాసింది ఇంకొకటి.

అందుకే ఈ రాత్రి ఓ నోట్‌బుక్ తీయండి. నాలుగు గడులు గీయండి: కంపెనీ, పోయిన రౌండ్, జవాబు చెప్పలేని ప్రశ్న, ఈ వారం చేయబోయే ఒక్క పని. పది వరసలు నిండేసరికి మీ మలేరియా ఏదో మీకే కనిపిస్తుంది. ఒకవేళ తప్పు మీలో లేదని, ఆ సీజన్‌లో అసలు ఉద్యోగాలే లేవని తేలినా మంచిదే. అనవసరంగా మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆగుతుంది. 'ఈ గ్యాప్‌లో ఏం చేశావ్?' అని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఒక లెక్క ఉంటుంది. అది కొన్న లెటర్ కాదు కాబట్టి ఎన్ని ప్రశ్నలు వేసినా తడబడరు.

ఆ తమ్ముడికి ఇదంతా చెప్పాను. డబ్బులు కట్టడం ఓ నెల ఆపి చూస్తానన్నాడు. ఓ నెల చాలు. స్లిమ్‌కు రెండేళ్లు పట్టింది.