కెమెరా సరే, నెగటివ్‌లేవీ?

సంక్రాంతికి నకరికల్లు వెళ్ళినప్పుడు అటక మీంచి తాతయ్య కెమెరా దించాను. ఆగ్ఫా ఇసొలెట్ 3. 1950ల్లో జర్మనీలోని మ్యూనిక్‌లో తయారైన మడత కెమెరా. లైకా కొనలేని మధ్యతరగతి వాళ్ళది. మన ఇళ్ళలో ఎక్కువగా కనపడే ఆగ్ఫా క్లిక్ 3 (అది మన వడోదరలోనే తయారైంది) కంటే ఓ మెట్టు పైన.

ఆఫీసులో చూపిస్తే అందరిదీ ఒకటే మాట.. "జర్మన్ క్వాలిటీ బాసూ, ఇప్పుడలాంటివి ఎక్కడొస్తున్నాయి!"

నా పేచీ ఇక్కడే. చీకట్లో లోపల టార్చి వేసి చూస్తే తిత్తి మడతల మూలల్లోంచి చుక్కలు చుక్కలుగా వెలుతురు. ఆ కాలపు ఆగ్ఫాలకి ఇది పాత జబ్బే. గ్రీజు గడ్డకట్టి ఫోకస్ రింగు తిరగదు. రేంజ్‌ఫైండర్ ఉంది గానీ లెన్సుతో కలపలేదు. దూరం అక్కడ చూసి, ఆ అంకె ఇక్కడ చేత్తో పెట్టుకోవాలి. కాపీ పేస్ట్ అన్నమాట :)

పక్కనే బిస్కెట్ల రేకు డబ్బాలో నెగటివ్‌లు. 120 ఫిల్ము, రోలుకి 12 ఫొటోలు. ఒక్కో ఫ్రేము 35 మి.మీ. ఫిల్ము ఫ్రేముకి మూడున్నర రెట్లు. వెనక తెల్లటి వెలుతురు పెట్టి, ఫోన్‌తో తీసి తిరగేశాను. నానమ్మ! మిరప కల్లంలో, ఎండకి కళ్ళు చికిలించి. గోడ మీద దండేసిన ఫొటోలో ముసలావిడే నాకు తెలుసు. ఇక్కడ నాకంటే చిన్నది.

మిగతా సగం ఒకదానికొకటి అతుక్కుపోయి, వెనిగర్ లాంటి పుల్లటి వాసన. ఎసిటేటు ఫిల్ము వేడికీ తేమకీ అలా పాడవుతుంది. మొదలైతే ఆగదు, చల్లగా పొడిగా ఉంచితే నెమ్మదిస్తుందంతే. పల్నాడు ఎండ, అటక, రేకు డబ్బా.. ఇంకేం కావాలి! కెమెరాని మాత్రం గుడ్డలో చుట్టి భద్రంగా దాచారు.

మన భాషలో చెప్పాలంటే ప్రింటు బిల్డ్, నెగటివ్ సోర్స్ కోడ్. మనం సోర్సు పారేసి కీబోర్డుకి దండేస్తున్నాం.

డిజిటల్ వాళ్ళమని నవ్వుకోనక్కర్లేదు. 2015లో అక్క పెళ్ళి ఫొటోలన్నీ ఒకే హార్డ్‌డిస్కులో పెట్టాం. టిక్కుటిక్కుమని పోయింది. ఆఫీసులో బ్యాకప్ గురించి క్లాసులు పీకేది నేనే మరి!

కాబట్టి ఈసారి ఊరెళ్తే కెమెరా కాదు, డబ్బా వెతకండి. వాసన చూడండి. పుల్లగా ఉన్నవి విడిగా తీసి, ముందు వాటినే స్కాన్ చేయండి. ఫొటోలో ఎవరెవరో పెద్దవాళ్ళుండగానే అడిగి రాసుకోండి.

నానమ్మ పక్కన నవ్వుతున్న అమ్మాయెవరో చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.