తోలు ఊడిన సోఫా: మరమ్మతా, మార్పా?

ఇంటికి పెళ్ళిచూపుల వారు వస్తున్నారని తెలియగానే అందరి దృష్టీ ముందుగదిలోని సోఫాపై పడుతుంది. చేతుల దగ్గర పొట్టు లేచి, సీటు కుంగి, ఏళ్ళ తరబడి దుప్పటి కప్పుకుని నెట్టుకొచ్చిన సోఫా ఆ ఒక్క రోజుతో పరువు సమస్యగా మారుతుంది. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలలో మనవారి ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న మాకు ఎదురవుతూనే ఉంటుంది. పై తోలు మార్పించాలా, కొత్తది కొనాలా? కంగారులో తీసుకునే నిర్ణయానికి మూల్యం ఎక్కువ. కనుక నిదానంగా ఆలోచిద్దాం.

మొదట అది నిజంగా తోలేనా అని చూడాలి. ఖుర్బానీ తోళ్ళను మదరసాలకు అప్పగించే మనకు తోలు ఎలా ఉంటుందో ఒకరు చెప్పనక్కరలేదు. సోఫా అడుగున మడత విప్పి లోపలి వైపు చూడండి. పీచుపీచుగా, నూగుగా ఉంటే తోలు. నేసిన గుడ్డ కనిపిస్తే, పైన పూత పూసిన రెగ్జిన్ వంటిది. అసలు తోలు ఎండకు, పొడి గాలికి బీటలు వారుతుంది గానీ సాధారణంగా పొరలుగా ఊడదు. శుభ్రపరచి, తోలుకు వాడే క్రీము పట్టించి, రంగు వేయిస్తే కొంతకాలం మన్నుతుంది. పూత పొరలుగా రాలుతున్నదంటే మాత్రం ఏ నూనె, ఏ రంగూ దానిని నిలపవు. వేడి, తేమ, చెమట కలిసి ఆ పూతను లోపలి నుండే విరిచేస్తాయి. దానికి పై గుడ్డ మార్చడమొక్కటే దారి. తోలుకు కొబ్బరినూనె రాసే అలవాటు కూడా మంచిది కాదు. మరకలు పడి, దుమ్ము అంటుకుంటుంది.

తరువాత చట్రాన్ని పరీక్షించాలి. అసలు తీర్పు చెప్పేది అదే. సోఫా ముందు కాలు ఒకదానిని అర జానెడు పైకి లేపండి. రెండవ ముందు కాలు కూడా వెంటనే లేస్తే చట్రం గట్టిగా ఉన్నట్టు. అది నేలకే అంటుకుని ఉంటే, కిర్రుమని చప్పుడు చేస్తే అతుకులు సడలినట్టు. అడుగు గుడ్డ విప్పి చెదలు, పురుగు తొలిచిన రంధ్రాలు, పొడి ఉన్నాయేమో చూడాలి. టేకు చట్రం బాగుంటే దానిని పారవేయడం అవివేకం. పొట్టుచెక్క ఉబ్బి మేకులు పట్టని చట్రానికి ఖరీదైన తోలు తొడిగించడమూ అంతే అవివేకం.

చట్రం బాగుంటే పని సులువే. ఆటోలకు, బస్సులకు సీట్లు కుట్టే కుషన్ పనివారిలో చాలామంది సోఫాల పని కూడా చేస్తారు. మూడు సీట్ల సోఫాకు దాదాపు ఏడెనిమిది మీటర్ల రెగ్జిన్ పడుతుంది. అసలు తోలైతే చదరపు అడుగుల లెక్కన కొనాలి. స్పాంజి 32 లేదా 40 సాంద్రతదా, నవారు పట్టీలు మారుస్తారా, కూలి ఎంత, ఎన్ని రోజులు అన్నవి ముందే కాగితంపై రాయించుకోవాలి. పాత స్పాంజిపైనే కొత్త గుడ్డ కుడితే కొద్ది నెలలకే సీటు మళ్ళీ కుంగుతుంది.

మేము పాటించే లెక్క ఒకటుంది. మరమ్మతు ఖర్చు అంతే నాణ్యత గల కొత్త సోఫా ధరలో సగం లోపు ఉంటే మరమ్మతే మేలు. సగం దాటి, చట్రం కూడా బలహీనమైతే మార్చడమే సబబు. భూపాలపల్లిలో కంపెనీ క్వార్టర్లలో ఉండే సింగరేణి కుటుంబాలు మరొకటి కూడా చూసుకోవాలి. ఇల్లు మారిన ప్రతిసారీ ఆ బరువును మోయించాల్సింది తామే. కొత్తది కొనేవారు ముందు గది కొలవాలి. ఇంటిల్లిపాదీ వరుసగా నమాజుకు నిలబడే చోటు మిగలాలి. అసలు తోలు సోఫా అయితే అది ఏ జంతువు తోలో అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది వాయిదాల విషయంలో. ‘వడ్డీ లేని వాయిదాలు’ అన్న బోర్డు చూసి ముందుకు వెళ్ళేవారు, అదే సోఫాను రొక్కమిచ్చి కొంటే ఎంతకిస్తారో అడగాలి. వదులుకున్న తగ్గింపులోనో, రుసుములోనో వడ్డీ దాగి ఉండవచ్చు. సున్నా వడ్డీ అనేది వాస్తవంలో లేదని రిజర్వు బ్యాంకే 2013లో బ్యాంకులను హెచ్చరించింది. ఒక్క పూట అతిథుల కోసం రెండేళ్ళు వడ్డీ కట్టే ఇల్లు, ఆ సోఫాపై ప్రశాంతంగా కూర్చోగలదా?

దుబారా చేయవద్దని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది. దైవప్రవక్త (స) తమ చెప్పులను తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. బాగుచేసిన వస్తువు ఇంట్లో ఉండటం నామోషీ కాదు. కొత్తది కొనక తప్పనప్పుడు కూడా పాతది వాడదగినదైతే అవసరమున్న కుటుంబానికి శుభ్రపరచి ఇవ్వాలి. మనం కూర్చోలేని దానిని మాత్రం ఇతరులకు దానమని పంపవద్దు.

ఇక పెళ్ళిచూపుల సంగతి. సోఫా చూసి సంబంధం కాదనేవారు, కొత్త సోఫా చూసి మాత్రం ఎంతకాలం నిలుస్తారు? శుభ్రమైన జంపఖానా పరచి, ఆప్యాయంగా స్వాగతించండి. మన మర్యాద తెలియడానికి అది చాలు.